వెల్ల వేసిన ముందుగది

పోయిన వారం సెలెస్టీన్‌ని మనం నిచ్చెన మీద వదిలేసి వచ్చాం. ఒక చేత్తో తెల్లమన్ను కలిపిన బకెట్టు, ఇంకో చేత్తో గుర్రపు వెంట్రుకల కుంచె. ముందుగది నాలుగు గోడల్లో మూడు పూర్తయ్యాయి, నాలుగోది సగంలో ఉంది. అప్పుడే వాగు అవతలి నుంచి గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది.

ఆమె భర్త ఫర్గస్ గెడ్డిస్ ఆగస్టులో తొంభై ఎడ్లను తోలుకుని సముద్రతీరానికి వెళ్ళాడు. ఐదు వారాల్లో వస్తానన్నవాడు పది వారాలు దాటినా రాలేదు. మూడు వారాల కిందట ఉత్తరం మాత్రం వచ్చింది. సెలెస్టీన్‌కి చదువు రాదు. పదహారేళ్ళ కూతురు ఇసబెల్ కిటికీ దగ్గర నిలబడి చదివి వినిపించింది. క్షేమంగా ఉన్నాననీ, అక్టోబరు మధ్యకల్లా వస్తాననీ, ఈలోపు ముందుగదికి వెల్ల వేసి పొగగొట్టం దులిపి ఉంచమనీ రాశాడట. అంతే ఉందని చెప్పి ఇసబెల్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంది.

ఆ ముందుగది సెలెస్టీన్‌కి పద్దెనిమిదేళ్ళ కోరిక. నికోలా లోయలో ఆ ఇంటికి మొదటి దుంగ దించిన రోజునే ఫర్గస్ మాటిచ్చాడు, ఎప్పటికైనా దీనికి ముందువైపు ఇంకో గది వేస్తాననీ, అందులో వంటపొయ్యి పొగ ఉండదనీ, నువ్వు కాలు చాపుకుని కూర్చోవచ్చనీ. మంచు కురిసిన ఏళ్ళూ, గడ్డి మొలవని ఏళ్ళూ దాటుకుంటూ ఈ వేసవికి ఆ గది లేచింది. అందుకే వెల్ల వేయడానికి ఎవర్నీ పిలవలేదామె. గట్టు దగ్గర తెల్లమన్ను తానే తవ్వుకుని, తానే మోసుకొచ్చి, తానే కలుపుకుంది.

ఒక్క గుర్రమే వస్తోంది. సెలెస్టీన్ నిచ్చెన దిగి గుమ్మంలోకి వచ్చింది.

ఫర్గస్ ఎప్పటిలా రాలేదు. ఎప్పుడూ కంచె దగ్గర్నుంచే కుక్కల్ని పేరుపేరునా పిలిచేవాడు. ఇవాళ కుక్కలు తమంతట తామే వెళ్ళి కాళ్ళ చుట్టూ తిరిగితే చూడను కూడా చూడలేదు. గడ్డం నున్నగా తీయించుకున్నాడు. ఒంటిమీద నల్లటి కొత్త కోటు. గడ్డం లేకపోయేసరికి అతని దవడ చిన్నదైపోయి, తెలిసిన మనిషి తమ్ముడెవరో వచ్చినట్టుంది.

ముందుగదిలోకి వెళ్ళి గోడల్ని చూశాడు. వేలితో ముట్టుకుని చూశాడు. బాగుంది అన్నాడు. ఆ తర్వాత వంటగదిలోకి వచ్చి, తన కుర్చీలో కాకుండా గోడవారన ఉన్న బల్ల మీద కూర్చున్నాడు.

సెలెస్టీన్ చేతులు కడుక్కుని పెనం మీది రొట్టె, కుండలో ఉడుకుతున్న మాంసం పులుసు తెచ్చి ముందు పెట్టింది. దారి ఎలా ఉందని అడిగింది. లోయ కింద వంతెన కొట్టుకుపోయిందని విన్నాను, నిజమేనా అని అడిగింది. అతను పళ్ళెం పక్కకి జరిపాడు. ఇసబెల్‌ని చూసి, కాసేపు కొట్టం దగ్గరికి వెళ్ళి ఉండమ్మా అన్నాడు.

ఇసబెల్ ఎందుకని అడగలేదు. తండ్రి పది వారాల తర్వాత ఇల్లు చేరితే మెడకి వేలాడవలసిన పిల్ల, తలవంచుకుని శాలువా కప్పుకుని బయటికి నడిచింది. సెలెస్టీన్ ఆ తలుపు వైపే చూస్తూ నిలబడింది.

"నేను పెళ్ళి చేసుకున్నాను సెలెస్టీన్," అన్నాడు ఫర్గస్.

ఆమెకి అర్థం కాలేదు. పెళ్ళి చేసుకున్నాను అంటే, ఎవరికో పెళ్ళి చేశాను అనబోయి తడబడ్డాడేమో అనుకుంది. తీరంలో ఎవరైనా చుట్టాలున్నారా అని కూడా ఆలోచించింది.

"ఎవరికి?"

"నాకే. న్యూ వెస్ట్‌మినిస్టర్‌లో, చర్చిలో. నెల అయింది. ఆవిడ పేరు వినిఫ్రెడ్. అక్కడి పాదిరిగారి చెల్లెలు. సరస్సు దగ్గర సత్రంలో దింపి వచ్చాను. ఎల్లుండి బండి కట్టుకుని తీసుకొస్తాను."

సెలెస్టీన్ అతని ఎదురుగా కూర్చుంది. అరుస్తుందనుకున్నాడో ఏమో, ఫర్గస్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె అరవలేదు. తప్పు లెక్క చెప్పిన పిల్లాణ్ణి సరిదిద్దినట్టు నెమ్మదిగా అంది.

"నీకు పెళ్ళయిందిగా. ఇంకోసారి ఎలా అవుతుంది? మీ పాదిరి ఒప్పుకోడు."

"అవలేదు."

"ఫాదర్ వచ్చి సరస్సు చివర డేరా వేశాడు. నువ్వూ నేనూ వెళ్ళాం. మా అమ్మ వచ్చింది. మావాళ్ళంతా చూస్తూ ఉన్నారు."

"ఆ రోజు జరిగింది పెళ్ళి కాదు," అన్నాడు ఫర్గస్. ఈ మాట కోసమే దారంతా నోరు బిగపట్టుకుని వచ్చినవాడిలా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "అది నీ జ్ఞానస్నానం. నేను ఆయన మతం వాణ్ణి కాదు. నాకు పెళ్ళి చెయ్యనన్నాడు. ముందు అమ్మాయికి నీళ్ళు పోస్తాను, నీ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. నీళ్ళు పోశాడు. నేను పక్కన సాక్షిగా నిలబడ్డాను. అంతే జరిగింది."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కిందికి జారింది. సెలెస్టీన్ లేచి దాన్ని లోపలికి నెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది.

ఆ రోజు ఆమెకి ప్రతి క్షణం గుర్తుంది. నల్ల అంగీ ఫాదర్ ఎవరికీ అర్థంకాని భాషలో చాలాసేపు చదివాడు. మధ్యలో ఆయన వెంట వచ్చినవాడొకడు సగం సగం ఆమె భాషలోకి మార్చి చెప్పాడు. తల మీద నీళ్ళు పోశాడు. నాలుక మీద ఉప్పు పెట్టాడు. ఫర్గస్ తన భుజం మీద చెయ్యి వేసి, ఫాదర్ అడిగినదానికి రెండుసార్లు అవునన్నాడు. అప్పుడు ఫాదర్ ఆమెను సెలెస్టీన్ అని పిలిచాడు. అప్పటిదాకా ఆమెకి వాళ్ళమ్మ పెట్టిన పేరు వేరే ఉండేది. తెల్లవాళ్ళలో పెళ్ళికూతురికి పేరు మారుస్తారని ఆమెకి తెలుసు. తెల్ల వర్తకుల కోటలో కాపురం పెట్టిన తన చిన్నమ్మ కూతురికి అలాగే మారింది. ఫర్గస్ తనను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. దారిలో తల్లి పాడిన పాటలన్నీ పెళ్ళిపాటలే.

ఇసబెల్ పుట్టాక ఇంకో ఫాదర్ వచ్చి ఆ పిల్లకి నీళ్ళు పోశాడు. సాక్షిగా పక్కన నిలబడ్డ ముసలమ్మ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. అచ్చం ఫర్గస్ తన మీద వేసినట్టే వేసింది. సెలెస్టీన్ అది గమనించింది కూడా. గమనించి, పోనీలే, తెల్లవాళ్ళ పూజలన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబోలు అనుకుని నవ్వుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఆ ఆలోచన రానివ్వలేదు. ఇప్పుడు ఆ ముసలమ్మ చెయ్యి మాత్రమే కనిపిస్తోంది కళ్ళ ముందు.

"ఇదంతా నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చాలా సంతోషంగా ఉన్నావు ఆ రోజు."

"సరే, ఆ రోజు. మర్నాడు?"

"మర్నాడు మంచు పడింది. గుర్తులేదా?"

గుర్తులేకేం. ఆ చలికాలాన్ని లోయలో ఎవరూ మర్చిపోలేదు. దక్షిణాన ఒరెగాన్ నుంచి ఫర్గస్ తోలుకొచ్చిన నలభై పశువులు మోకాళ్ళ లోతు మంచులో నిలబడి అరుస్తుంటే, ఏం చెయ్యాలో తెలియక అతను తుపాకీ తీశాడు. వాటిని కాల్చేద్దామనో, తననే కాల్చుకుందామనో ఆమెకి ఇప్పటికీ తెలియదు. గాలి ఏ కొండల వీపు మీద మంచుని ఊడ్చేస్తుందో, ఏ వంపులో గడ్డి గుబుర్లు తల బయటపెట్టి ఉంటాయో తరతరాలుగా ఆ లోయలో ఉన్న తన వాళ్ళందరికీ తెలిసిన సంగతి. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ముందు నడిచి మందను అక్కడికి చేర్చింది. మార్చి దాకా అక్కడే గుడిసెలో ఇద్దరూ ఉన్నారు. ముప్పైయొక్క పశువులు బతికాయి. గెడ్డిస్ మంద అంటూ ఇవాళ లోయంతా చెప్పుకునేది వాటి సంతానమే.

ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఫర్గస్ కాదనడనీ, తల వంచుకుని ఔనంటాడనీ, అయినా ఎల్లుండి బండి వస్తుందనీ ఆమెకి తెలిసిపోయింది.

అతనే చెప్పుకుంటూ పోయాడు. యాభై దాటాయన్నాడు. లోయ మునుపటిలా లేదన్నాడు, రోడ్డు వచ్చింది, పాదిరి వచ్చాడు, నీళ్ళ హక్కుల దగ్గర్నుంచి దారి హద్దుల దాకా తెల్లవాళ్ళ సంఘం కూర్చుని తేలుస్తోంది, ఆ బల్ల దగ్గర తనకి కుర్చీ వెయ్యడం లేదు. ఎందుకు వెయ్యడం లేదో ఎవరూ పైకి అనరు. పక్క బీడు వాళ్ళు ఇద్దరు ఇప్పటికే ఇదే పని చేశారనీ, తమతో కాపురం చేసిన ఆమెలాంటి ఆడవాళ్ళని పుట్టిళ్ళకి పంపేశారనీ అన్నాడు. వాళ్ళలా తాను దారిలో వదిలెయ్యడం లేదు. సర్కారు ఆమె వాళ్ళకని గీసిచ్చిన రిజర్వులో, ఆమె తమ్ముడి ఇంటి పక్కనే గుడిసె వేయించాడు. చలికాలానికి మాంసం పంపుతాడు. ఇదంతా కొట్టం కప్పు మార్చే పని గురించి చెప్పినంత వివరంగా చెప్పాడు.

"ఇసబెల్?" అంది సెలెస్టీన్.

"ఇసబెల్ ఇక్కడే ఉంటుంది. నా కూతురుగా. వినిఫ్రెడ్‌కి ఆ పిల్ల గురించి చెప్పాను. పియానో నేర్పిస్తానంటోంది."

"నా గురించి ఏం చెప్పావు?"

ఫర్గస్ కొత్త కోటు గుండీ ఒకటి తిప్పుతూ కూర్చున్నాడు. ఇసబెల్ కళ్ళు నా కళ్ళేననీ, రంగు కూడా తేడా తెలియదనీ, తల్లి ఫ్రెంచ్ మనిషని అంటే ఎవరూ రెండోసారి చూడరనీ గొణిగాడు. సెలెస్టీన్ అనే ఫ్రెంచ్ పేరు ఉండనే ఉంది కదా అన్నాడు.

అప్పుడు లేచిందామె. నేను కదలనంది. ఆ బండి గుమ్మంలో ఆగినప్పుడు ఇక్కడే కూర్చుని ఉంటాను, ఆవిడకే చెబుతాను, పద్దెనిమిదేళ్ళు ఈ పొయ్యి ఎవరు వెలిగించారో అడిగి తెలుసుకోమంటాను అంది. గొంతు మాత్రం పెద్దది చెయ్యలేదు.

ఫర్గస్ ఈ మాటకి కూడా సిద్ధపడే వచ్చాడు.

"చెప్పు. నేను ఆపను. ఆవిడ నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. చర్చిలో రాసిన పెళ్ళి, ఎక్కడికీ పోదు. నాకు పోయేదీ పెద్దగా లేదు. నువ్వు నోరు తెరిస్తే నష్టపోయేది ఇసబెల్. ఆ తర్వాత ఆ పిల్ల ఈ ఇంట్లో గిన్నెలు తోముకోవాలి. లేదా నీతో వచ్చి రిజర్వులో ఉండాలి. నీ ఇష్టం."

సెలెస్టీన్ గుమ్మంలోకి వెళ్ళి కూతుర్ని పిలిచింది. కొట్టం దగ్గర దాకా వెళ్ళలేదు ఇసబెల్. మెట్ల పక్కన కట్టెల దొంతి మీదే కూర్చుని ఉంది. లోపలికి వచ్చింది. తండ్రి వైపు చూడలేదు, తల్లి వైపూ చూడలేదు.

ఆ ఉత్తరంలో ఇంకేముందని అడిగింది తల్లి.

ఇసబెల్ జేబులోంచి తియ్యలేదు. దాన్ని ఎన్నిసార్లు చదువుకుందో, కంఠతా వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకున్న సంగతి మీ అమ్మకి నేనే వచ్చి చెబుతాను, నువ్వు చెప్పకు. నువ్వు నా కూతురివి, నా ఇంటి పిల్లవి, ఆ స్థానం ఎవరూ తీసుకోరు. ముందుగదికి వెల్ల వేయించు, కొత్తావిడకి పొగ పడదు. నేలని చూస్తూ ఈ మూడు ముక్కలూ అప్పచెప్పింది.

"మూడు వారాలు," అంది సెలెస్టీన్. "నేను మన్ను మోసుకొస్తుంటే చూస్తూ ఉన్నావా?"

"నేనూ మోశాగా అమ్మా."

నిజమే, అదీ మోసింది. సగం బకెట్లు అదే మోసింది. నాతో వచ్చెయ్యమని అడిగింది తల్లి. మామయ్య ఉన్నాడు, అమ్మమ్మ వాళ్ళ చేపల రేవు ఉంది, వేసవిలో కొండమీద దుంపలు తవ్వుకోవచ్చు, ఆకలితో ఎవరూ చావరు అంది. తనకే వినపడని గొంతుతో అంది.

ఇసబెల్ అప్పుడు తలెత్తింది. ఏడుస్తోంది గానీ మాట తడబడలేదు.

"పోయిన ఈస్టర్‌కి చర్చిలో తెల్లవాళ్ళ అక్కచెల్లెళ్ళిద్దరు నేను కూర్చున్న బల్ల మీంచి లేచి వెళ్ళిపోయారు. నువ్వు బయట గుర్రాల దగ్గర ఉన్నావు కాబట్టి నీకు తెలీదు. నేనింటికి వచ్చి చెప్పలేదు. నాన్న దగ్గర ఉంటే నేను ఇసబెల్ గెడ్డిస్‌ని. నీతో వస్తే నేనెవర్నమ్మా?"

నా కూతురివి అనే మాట సెలెస్టీన్ నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని బయటికి తెస్తే ఆ పిల్ల మొహంలో ఏం కనిపిస్తుందో అని భయపడి మింగేసింది.

మధ్యాహ్నానికి ఆమె తమ్ముడు బాప్టిస్ట్ బరువులు మోసే రెండు గుర్రాల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫర్గస్ సత్రం నుంచే మనిషిని పంపి రమ్మన్నాడట. బాప్టిస్ట్ ఆ బీడులో పన్నెండేళ్ళుగా మందల వెంట తిరుగుతున్నవాడు. ఏ దూడ ఏ ఆవుదో చీకట్లో కూడా చెప్పగలడు. కంచె దగ్గర గుర్రం దిగి, ఫర్గస్‌ని కింద నుంచి పై దాకా చూశాడు.

"గడ్డం ఏమైంది బావా? తీరంలో పేలు ఎక్కువా?"

ఫర్గస్ ముఖం ఎర్రబడింది. ఒక అడుగు ముందుకొచ్చి, ఎవరైనా వింటారేమోనన్నట్టు తగ్గు గొంతుతో అన్నాడు. "బాప్టిస్ట్, ఇక నుంచి ఆ పిలుపు వద్దు. మిగతా రౌతులు పిలిచినట్టు మిస్టర్ గెడ్డిస్ అను. పని నీకు ఎప్పటిలాగే ఉంటుంది."

బాప్టిస్ట్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "అలాగే మిస్టర్ గెడ్డిస్. మా అక్కని ఏమని పిలవమంటారు? అది కూడా చెప్పేస్తే ఒక్కసారే నేర్చుకుంటాను."

బాప్టిస్ట్ జవాబు కోసం ఆగలేదు. తాళ్ళు విప్పుకుంటూ అక్క దగ్గరికి వెళ్ళి, చిన్నగా తమ భాషలో, నువ్వు ఊ అంటే చాలు, ఆ సత్రం దాకా వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పి వస్తానన్నాడు. సెలెస్టీన్ వద్దంది. ఎందుకని అడిగితే ఇసబెల్ వైపు చూసింది. బాప్టిస్ట్ కూడా అటు చూశాడు. మేనకోడలు మెట్ల మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. ఎప్పుడూ మామయ్య వస్తే గుర్రం కళ్ళెం పట్టుకోవడానికి పరిగెత్తే పిల్ల ఇవాళ కదల్లేదు. అతను ఇంకేం అనకుండా తాడు బిగించసాగాడు.

పద్దెనిమిదేళ్ళ కాపురం రెండు గుర్రాల మీద పట్టింది. ఏది తనదో తేల్చుకోవడమే సెలెస్టీన్‌కి కష్టమైంది. రెండు దుప్పట్లు, వేర్లతో అల్లిన బుట్టలు, దుంపలు తవ్వే కొమ్ముపిడి కర్ర, ఎండబెట్టిన చేపల మూట, తన జీను. ఇనుప కెటిల్ ఒకసారి పెట్టి, తీసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టేసింది. సాయంత్రం వాళ్ళకి టీ ఎలా అని ఆలోచించినట్టుంది, అలవాటున. ఫర్గస్ తానే లోపలికి వెళ్ళి చెక్కపెట్టె భుజాన వేసుకుని తెచ్చాడు. బరువుగా ఉంది, నువ్వు ఎత్తలేవు అన్నాడు బాప్టిస్ట్‌తో. పెట్టె కట్టాక, అది జారకుండా మడత గుడ్డ ఒకటి కింద తోశాడు. అతను మొదటి నుంచీ అంతే, బరువుల విషయంలో చాలా జాగ్రత్త మనిషి. అదే సెలెస్టీన్‌కి తట్టుకోవడం కష్టమైంది. కొట్టి తరిమినా ఇంత బాధ పడేది కాదేమో.

ముందుగదిలోకి చివరిసారి వెళ్ళలేదామె. నాలుగో గోడ సగమే అయిందని ఇసబెల్‌తో చెప్పింది. మన్ను ఇంకా ఉంది, ఎండిపోకముందే వేసెయ్యి, లేకపోతే అతుకు కనిపిస్తుంది అంది. ఇసబెల్ లేచి వచ్చి తల్లిని గట్టిగా పట్టుకుంది. కాసేపు ఎవరూ ఎవర్నీ వదల్లేదు. ఇంకో రెండు నిమిషాలు ఇలాగే ఉంటే ఇది నాతో వచ్చేస్తుంది అని సెలెస్టీన్‌కి తెలిసింది. వచ్చేసి, బతికినంత కాలం ఆ చర్చి బల్లని తలచుకుంటుందనీ తెలిసింది. మెల్లగా చేతులు విడిపించుకున్నది తల్లే.

బాప్టిస్ట్ ఆమెకి గుర్రం పట్టుకున్నాడు. ఒక కాలు రికాబులో పెట్టింది.

అప్పుడు కుక్కలు మొరిగాయి.

కంచె మలుపు తిరిగి ఒక బండి వస్తోంది. రెండు గోధుమరంగు గుర్రాలు, ముందు సత్రం బండివాడు, పక్కన బూడిదరంగు గౌను, గడ్డం కింద ముడివేసిన టోపీ. ఫర్గస్ నోట్లోంచి ఏదో మాట వచ్చింది. "ఎల్లుండి" అన్నట్టుంది. రెండంగల్లో మెట్లు దిగి, మళ్ళీ ఆగిపోయాడు. సెలెస్టీన్ రికాబులోంచి కాలు తీసింది. వెళ్ళిపోవడానికి దారి ఒకటే, ఆ దారిలో బండి నిలబడి ఉంది.

వినిఫ్రెడ్ ఎవరి చెయ్యీ అందుకోకుండా తానే దూకింది. ముప్పై దాటిన మనిషి. ఎండకి ముక్కు కందిపోయి ఉంది. అందగత్తె కాదు గానీ మొహంలో మంచితనం ఎవరికైనా కనిపిస్తుంది. సత్రంలో కూర్చోలేకపోయానని, ఇంకో రెండు రోజులు ఆ కిటికీలోంచి సరస్సుని చూస్తూ ఉంటే పిచ్చెక్కేదని, కోప్పడకు ఫర్గస్ అని నవ్వుతూ చెప్పింది. ఇసబెల్ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని, ముద్దు పెట్టుకోబోయి, పిల్ల ఏడ్చిన కళ్ళు చూసి ఆగిపోయింది. తొందరపడి వచ్చేశాను కదూ, నాకు అలవాటు పడటానికి నీకు ఎన్ని రోజులు కావాలన్నా తీసుకో, నేనేం అనుకోను అంది. ఆ మాట పైపైన అన్నది కాదని సెలెస్టీన్‌కి అర్థమైంది. ఈవిడ చెడ్డదై ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

తర్వాత వినిఫ్రెడ్ బండిలోంచి ఒక మొక్క తీసింది. గోనెగుడ్డలో మట్టితో సహా చుట్టిన చిన్న గులాబీ మొక్క. దాన్ని రెండు చేతులతో పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని చుట్టూ చూసింది. ఫర్గస్ ఇసబెల్ పక్కన నిలబడి ఉన్నాడు. బాప్టిస్ట్ గుర్రాల మధ్య ఉన్నాడు. ఇంకో ఆడమనిషి, పనులన్నీ తెలిసినదిలా ఉన్నది, సెలెస్టీన్ ఒక్కతే కనిపించింది ఆమెకి. దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, నువ్వు ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నావా?"

"పద్దెనిమిదేళ్ళుగా," అంది సెలెస్టీన్.

"అయితే ఆవిడ నీకు తెలిసే ఉంటుంది. ఇసబెల్ వాళ్ళమ్మ." వినిఫ్రెడ్ గొంతు తగ్గించింది, పిల్లకి వినపడకుండా. "జ్వరంతో పోయిందని ఫర్గస్ చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఏడ్చాడు కూడా. ఈ ఇంట్లో కాలు పెట్టేముందు ఆవిడ సమాధి దగ్గర ఈ మొక్క నాటి వస్తానని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను. ఈ కొండ మీదే అన్నాడు. కాస్త చూపిస్తావా?"

ఇసబెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాప్టిస్ట్ తాడు వదిలేశాడు. ఫర్గస్ వినిఫ్రెడ్ అని పిలిచి ముందుకు రాబోయాడు. దారి బాగా లేదు, ఇప్పుడు కాదు, రేపు నేనే తీసుకెళ్తాను అంటున్నాడు. అతని గొంతు అలా చీలిపోవడం పద్దెనిమిదేళ్ళలో సెలెస్టీన్ ఒక్కసారే వింది, మంచులో తుపాకీ తీసిన రోజున.

ఆమె అతని వైపు చూడలేదు. కూతురి వైపు చూసింది, చాలాసేపు. ఆ తర్వాత కొత్తావిడ చేతుల్లోంచి మొక్క తాను అందుకుంది.

"రండమ్మా," అంది. "నాకు తెలుసు ఎక్కడో."

కొండ మీద ఏ సమాధీ లేదు. సెలెస్టీన్ ముందు నడిచింది.